సీఐ గారి తిట్లు మీ అబ్బాయికెందుకు?

రాజోలు దగ్గర్నుంచి ఒకావిడ రాశారు. భర్త కానిస్టేబుల్. కొత్త సీఐ రోల్‌కాల్‌లో అందరి ముందూ తిడతాడట, మారు మాట్లాడితే మెమో అంటాడట. సంక్రాంతి పందేల బందోబస్తు మొదలు ఒక్క రోజు సెలవు లేదు. ఇంటికొచ్చాక తొమ్మిదో తరగతి కొడుకు మీద ప్రతి చిన్నదానికీ బెల్టు తీస్తున్నారు. "ఎమ్మెల్యే గారితో చెప్పించి బదిలీ చేయించుకోవచ్చా అండి?" అని ఆవిడ ప్రశ్న.

బదిలీ మాట పక్కన పెట్టండమ్మా. వెళ్ళిన చోట ఇంకో సీఐ ఉండడా?

"వేషాలేస్తున్నావా, ఒళ్ళు కొవ్వెక్కిందా అంటారండి, అవి సీఐ గారి మాటలే" అని, మీ ఆయన పిల్లాణ్ణి తిట్టే తిట్ల గురించి మీరే రాశారు. అంటే రోగం ఎక్కడుందో మీకు తెలుసు. ఈ శాఖలో తిట్టు పైనుంచి ఒక్కో మెట్టూ దిగుతుంది, కానిస్టేబుల్ దగ్గరికొచ్చేసరికి కింద ఇంకెవరూ ఉండరు కాబట్టి కంప్లైంట్ ఇవ్వడానికొచ్చిన ముసలమ్మో, ఇంట్లో పిల్లాడో దొరుకుతారు. తిట్టే ఆఫీసరు దగ్గర స్టేషన్ కూడా బాగుపడదు, భయపడ్డవాడు జరిగిన తప్పు దాస్తాడు, మాట వస్తుందనుకున్న పని ముట్టుకోడు. 2019లో మన రాష్ట్రంలో పోలీసులకి వీక్లీ ఆఫ్ ఇస్తామన్నారు, అది మీ ఇంటికి ఎంతవరకు వచ్చిందో మీకే ఎరుక.

అదంతా నిజమే. అయినా పిల్లాణ్ణి కొట్టడానికి అది సాకు కాదు. పైగా ఆయన బండి చప్పుడు వినగానే మీరు "ఫోను దాచెయ్, పుస్తకం తియ్" అని వాణ్ణి హెచ్చరిస్తారట! మీరు ఆ ఇంటికి సెంట్రీ కాదు. ఆయన స్థిమితంగా ఉన్న పూట, పిల్లాడు లేనప్పుడు, ఇంకోసారి బెల్టు తీస్తే వాణ్ణి తీసుకుని పుట్టింటికెళ్తానని చెప్పండి. మా అమ్మ అయితే సర్దుకుపొమ్మనేది. నేననను, మొగుడి కష్టం పంచుకోవాలి గానీ దాన్ని కొడుకు వీపు మీదకి రానివ్వకూడదు.

ఇక సీఐ సంగతి. ఏ రోజు, ఏ మాట, ఎవరెవరు విన్నారు, ఇవన్నీ ఒక నోటుబుక్‌లో రాసి పెట్టుకోమనండి, ఎస్పీ గారికి రాతపూర్వకంగా చెప్పుకోవడం తప్పేం కాదు. ఆయనకి రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదన్నారు కదా, టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. నంబరు మీరే కలిపి ఫోను చేతికివ్వండి, ఆయనంతట ఆయన చెయ్యరు.