గల్లా పెట్టె మూయొద్దు, స్కానర్ పీకొద్దు

ప్రశ్న: కంచరపాలెం ఐటీఐ జంక్షన్ దగ్గర పదకొండేళ్లుగా టిఫిన్ బండి నడుపుతున్నాం. నేను, మా ఆయన, సాయానికి ఒక మనిషి. నెలకు 26 రోజులు బండి పెడతాం. రోజుకు సగటున 5,800 రూపాయలు అమ్ముతాం. అందులో మూడింట రెండొంతులు ఫోన్‌పే, గూగుల్ పేల్లోనే వస్తోంది. ఇంట్లో ఉన్నది నా ఒక్క బ్యాంకు ఖాతాయే. బండి డబ్బులు, హైదరాబాద్ నుంచి మా అబ్బాయి నెలనెలా పంపే 15,000, ఈ ఏడాది పాడుకున్న 2 లక్షల చీటీ, అన్నీ అందులోనే పడతాయి. "ఇంకా గల్లా పెట్టె ఏంటమ్మా, మొత్తం స్కానర్ మీదే తీసుకోండి, ముందు ముందు నోట్లే ఉండవు" అంటాడు మావాడు. వాళ్ల నాన్నమ్మ పింఛను కూడా బ్యాంకులోనే వేయించమంటాడు. మా ఆయనేమో బెంగళూరులో బళ్లవాళ్లకి జీఎస్టీ నోటీసులు వచ్చాయని విని, స్కానర్ పీకేసి నగదే తీసుకుందామని పట్టుబట్టారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. ఎవరి మాట వినమంటారు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు మీ ఆయన సంగతి చూద్దాం. ఆయన భయం ఉత్త భయమేం కాదు, వేద్దామనుకున్న మందే తప్పు.

2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు తీసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపిన మాట నిజం. పన్నే లేని పాలు, కూరగాయలు అమ్ముకునేవాళ్లకూ అవి వెళ్లాయి. బెంగళూరులో కొన్ని కొట్ల ముందు 'యూపీఐ లేదు, నగదు మాత్రమే' అని కాగితాలు అంటించారు. ఆ ఫొటోలే తిరిగి తిరిగి మీ ఆయన ఫోన్‌కీ చేరి ఉంటాయి.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. వండి పెట్టే తిండి జీఎస్టీ దృష్టిలో సేవ కిందికి వస్తుంది. సేవలకు మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ హద్దు ఏడాదికి 20 లక్షల అమ్మకం. సరుకు అమ్మే కిరాణా కొట్టుకైతే 40 లక్షలు. ఆ 40 లక్షల మాట ఎక్కడో విని, టిఫిన్ బండికీ అదే అనుకుని ధీమాగా ఉన్నవాళ్లు నాకు చాలామంది తగిలారు. మీ 5,800ను 26 రోజులతో, 12 నెలలతో గుణిస్తే 18,09,600. గీతకు 1,90,400 ఇవతల ఉన్నారు. నోటీసుకు భయపడాల్సిన పని లేదు. అలాగని గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయే దూరం కూడా కాదు.

ఇక్కడ మీ ఆయన గమనించనిది ఒకటుంది. చట్టం అడిగేది మొత్తం అమ్మకం. ఫోన్‌లో వచ్చిందీ, గల్లాలో పడిందీ రెండూ కలిపి. స్కానర్ పీకేసినంత మాత్రాన 18 లక్షలు పన్నెండు లక్షలైపోవు. పోయేదల్లా మీ చేతిలో ఉన్న రుజువు, నోటు జేబులో పెట్టుకోని కుర్రకారు బేరం. ఆదాయపు పన్నులో అయితే చిన్న వ్యాపారికి ఉన్న ప్రిజంప్టివ్ పద్ధతిలో, నగదు అమ్మకం మీద కనీసం 8 శాతం లాభం చూపించాలి, బ్యాంకు ద్వారా వచ్చినదాని మీద 6 శాతం చాలు. అసలు లాభం అంతకంటే ఎక్కువైతే ఎక్కువే చూపించాలనుకోండి. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా మీ చేతి నుంచి పోయేది ఎలాగూ సున్నాయే.

మరి మీకు ముప్పు ఎక్కడుంది? మీ ఉత్తరంలో ఒక వాక్యం కింద గీత గీసుకున్నాను: 'ఇంట్లో ఉన్నది నా ఒక్క బ్యాంకు ఖాతాయే'. అబ్బాయి చెప్పినట్టు మొత్తం స్కానర్ మీదే తీసుకున్నారనుకుందాం. బండి డబ్బు 18,09,600, అబ్బాయి పంపేది ఏడాదికి 1,80,000, చీటీ 2,00,000. ఖాతాలో పడ్డది 21,89,600. హద్దు దాటింది! మీరు అమ్మింది 18 లక్షలే అయినా, దూరం నుంచి చూసే కంప్యూటర్‌కు చీటీ పాటకూ పెసరట్టుకూ తేడా తెలీదు. తర్వాత మీరు కాగితాలు పట్టుకుని తిరిగి రుజువు చేసుకోవచ్చు, చేసుకోగలరు కూడా. కానీ ఆ తిరిగిన రోజుల్లో బండి ఎవరు పెడతారు?

కాబట్టి బండికి విడిగా ఒక ఖాతా తెరవండి. స్కానర్ దానికే కలపండి. అబ్బాయి డబ్బు, చీటీ, చేబదుళ్లు పాత ఖాతాలోనే ఉండాలి. బ్యాంకువాళ్లు కరెంట్ అకౌంటే తెరవమంటే, కనీస నిల్వ ఎంత ఉంచాలో అడిగి తెలుసుకోండి. బండి దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకుని, కట్టేసే ముందు రెండే అంకెలు రాయండి: ఈ రోజు ఫోన్‌లో ఎంత, గల్లాలో ఎంత. అది ఏడాదికి 18 లక్షలు దాటి 20 వైపు నడుస్తుంటే అకౌంటెంట్ దగ్గరికి వెళ్లండి. రిజిస్ట్రేషన్ తీసుకుంటే తిండి మీద 5 శాతం, 40 రూపాయల దోశకు 2 రూపాయలు. మామూలు పద్ధతిలో అది బిల్లులో వసూలు చేసుకోవచ్చు. చిన్న వ్యాపారులకు ఉన్న కాంపోజిషన్ పద్ధతిలో కాగితాల పని తక్కువ, కాకపోతే ఆ 5 శాతం బిల్లులో విడిగా వేయకూడదు, మీ చేతి నుంచే పెట్టుకోవాలి. ఏది నయమో ఆ రోజు మీ అమ్మకం చూసి తేల్చుకోవాలి.

ఇంతకీ స్కానర్ ఎందుకు ఉంచమంటున్నానో చెప్పనివ్వండి. మీలాంటి బళ్లవాళ్ల దగ్గర సాయంత్రానికి ఫైనాన్స్ కుర్రాడు బైకు మీద వచ్చి ఆగడం ఎన్నోసార్లు చూశాను. 10,000 అప్పు అంటే వెయ్యి ముందే కోసి 9,000 చేతిలో పెడతాడు, రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి 'వెయ్యే కదా' అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి ఆ వంద రోజుల్లో సగటున మీ దగ్గర ఉన్నది 4,500 మాత్రమే. దాని మీద వెయ్యి! మన లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు ఆరున్నర రూపాయల పైమాటే వడ్డీ. అంత వడ్డీకి ఎందుకు తీసుకుంటారయ్యా అంటే, బ్యాంకుకు చూపించడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు. పదకొండేళ్లు ఇడ్లీ అమ్మినా కాగితం మీద ఆ మనిషి లేనట్టే. ఏడాదిపాటు రోజూ మూడు నాలుగు వేలు పడిన ఖాతా పుస్తకం ఉంటే మేనేజర్‌తో మాట్లాడే తీరే వేరు. మీది రోడ్డు పక్క బండి కాబట్టి, వీధి వ్యాపారులకు అప్పిచ్చే పీఎం స్వనిధి గురించి మన నగరపాలక సంస్థ జీవీఎంసీలో అడగండి. 2020లో మొదలైన ఈ పథకంలో సమయానికి కట్టినవాళ్లకు వడ్డీలో 7 శాతం సబ్సిడీ ఉంది, డిజిటల్‌గా తీసుకునేవాళ్లకు క్యాష్‌బ్యాక్ ఉంది. చిల్లర బాధ లేకపోవడం, దొంగ నోటు రాకపోవడం లాంటివి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక మీ అబ్బాయి. తెలివైన పిల్లాడే, కానీ హుద్‌హుద్ తుపాను నాటికి చిన్నవాడై ఉంటాడు.

2014 అక్టోబరు 12, ఆదివారం. మేమప్పుడు సీతమ్మధారలో ఉన్నాం. మర్నాడు పొద్దున వీధికడ్డంగా పడిన చెట్ల కొమ్మలు దాటుకుంటూ పాల కోసం బయల్దేరాను. కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు, మా వీధి చివర ఏటీఎం అద్దం పగిలి లోపల నీళ్లు నిలిచాయి. పర్సులో మూడు వందల చిల్లర ఉంది. ఊళ్లో అందరికీ డబ్బు ఎక్కడ దాచాలో చెప్పే మనిషిని, నా డబ్బంతా బ్యాంకులో భద్రంగా ఉంది, రెండు రోజుల్లో చేతులెత్తేశాను. పక్కింటి మామ్మగారు పోపుల డబ్బా అడుగు నుంచి వంద కాగితాలు తీసి ఇచ్చారు. ఆవాల వాసన కొడుతున్న ఆ నోట్లతోనే ఆ వారం పాలు, కొవ్వొత్తులు, తాగే నీళ్లు కొన్నాం. అప్పటికి యూపీఐ పుట్టనే లేదు, అది 2016లో వచ్చింది. ఇప్పుడు అలాంటి గాలే వీస్తే ఆగిపోయేది ఏటీఎం ఒక్కటే కాదు, బండి మీది సౌండ్ బాక్సు కూడా నోరు మూసుకుంటుంది. అసలు తుపానే అక్కర్లేదు. 2025 మార్చి 26న, మళ్లీ ఏప్రిల్ 12న ఏ వానా గాలీ లేకుండానే దేశమంతటా యూపీఐ మొరాయించింది.

'దేశమంతా అటే పోతోంది' అనే పిల్లలకు నేను స్వీడన్ సంగతి చెబుతుంటాను. యూరప్‌లో మొట్టమొదట, 1661లో, కాగితపు నోటు అచ్చేసింది వాళ్లు. నోటును దాదాపు వదిలేసిన వాళ్లలోనూ వాళ్లే ముందు. అలాంటి దేశ ప్రభుత్వం ఆపద వేళల కోసమని ఇంటింటికీ పంపిన పుస్తకంలో, తాగునీళ్లు, రేడియోతో పాటు కొంత నగదు కూడా ఇంట్లో పెట్టుకోమని రాసింది.

మీ ఇంటికి ఎంత పెట్టుకోవాలి? బండికి మూడు రోజుల సరుకు, ఇంటికి వారం ఖర్చు. మీ స్థాయికి 16 నుంచి 18 వేలు చాలు. అంతకు మించి ఇంట్లో దాచొద్దు, దానికి వడ్డీ రాదు, దొంగ భయం వేరు. అన్నీ 500 నోట్లు పెడితే తుపాను మర్నాడు చిల్లర ఇచ్చేవాడు దొరకడు. 100లు, 50లు ఎక్కువ ఉంచి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టండి. 10 రూపాయల నాణేలు కూడా వెయ్యండి. చెల్లవని కొట్లవాళ్లు మొహం తిప్పుకుంటారు గానీ అవన్నీ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు ఎన్నోసార్లు చెప్పింది.

మీ అత్తగారి పింఛను జోలికి మాత్రం వెళ్లకండి. ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి చేతిలో పెడుతున్న ఆ 4,000 ఆవిడ సొంత డబ్బు. 2024 మే నెలలో పింఛన్లు బ్యాంకు ఖాతాల్లో వేసినప్పుడు ముసలివాళ్లు ఎండలో బ్యాంకుల ముందు ఎలా పడిగాపులు కాశారో మీరూ చూసే ఉంటారు. పైగా ఖాతాలో పడితే ఆ డబ్బు మనవడి ఫోన్ చేతిలోకి వెళ్తుంది. మాత్రలకో, గుడికో, వచ్చిన మనవరాలి చేతిలో పెట్టడానికో ఆవిడ ఒకరిని అడగాలి. మా పక్కింటి మామ్మగారి పోపుల డబ్బాను మించిన ప్రైవసీ ఏ యాప్‌లోనూ ఇంతవరకు నాకు కనబడలేదు.

మోసాల సంగతి మీకు తెలిసిందే ఉంటుంది, కాబట్టి పొడి పొడిగా చెబుతాను. రద్దీలో స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోయేవాళ్లుంటారు, సౌండ్ బాక్సు పలికితేనే పొట్లం చేతికివ్వండి. డబ్బు రావడానికి పిన్ నొక్కాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. రాత్రికి రాత్రి మీ స్కానర్ మీద ఎవడో తన స్టిక్కర్ అంటించి పోవచ్చు, పొద్దున్నే ఒక రూపాయి కొట్టి చూసుకోండి. ఏదైనా జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. చాలామందికి తెలియనిది ఒకటుంది. ఎవరినో ముంచిన సైబర్ దొంగ మీ దగ్గర రెండు దోశలు తిని 80 రూపాయలు కొట్టాడనుకోండి, ఆ సొమ్ము జాడ పట్టుకుని వచ్చిన పోలీసులు మీ ఖాతా ఆపమని బ్యాంకుకు రాయొచ్చు. మీ తప్పు లేకపోయినా అది తేలేదాకా డబ్బు కదలదు. ఉన్న ఒక్క ఖాతా అదే అయితే ఇంట్లో పొయ్యి కూడా ఆగుతుంది. రెండో ఖాతా అన్నది ఇందుకు కూడా.

ఒక చిన్న చిక్కు మిగిలింది. వచ్చేది ఫోన్‌లో, పూర్ణా మార్కెట్‌లో పప్పులకూ సాయం చేసే మనిషికీ ఇవ్వాల్సింది నోట్లలో. అందుకని రోజూ ఏటీఎంకు వెళ్తుంటే వెళ్లకండి. నెలకు మీ బ్యాంకు ఏటీఎంలో అయిదు సార్లు ఉచితం. విశాఖ మెట్రోల జాబితాలో లేదు కాబట్టి పక్క బ్యాంకుల్లోనూ అయిదు సార్లు వాడుకోవచ్చు. ఆ తర్వాత తీసిన ప్రతిసారీ 23 రూపాయల దాకా కోసి, దాని మీద పన్ను కూడా వేస్తారు. గల్లాలో పడే దాదాపు రెండు వేలను ఆ ఖర్చులకే అట్టిపెట్టండి, ఫోన్ డబ్బు ఖాతాలో నిలవనివ్వండి. సరుకు కొట్టువాడు ఫోన్‌లో తీసుకుంటానంటే ఇంకా మంచిది. బిల్లు మాత్రం అడిగి తీసుకోండి.

కొత్త ఖాతా స్కానర్ వచ్చిన రోజున బండి మీది పాత స్టిక్కర్‌ను వేణ్ణీళ్లు పోసి గీకేయండి. రెండూ ఉంటే పొద్దున ఎనిమిదింటి రద్దీలో సగం మంది పాతదానికే కొడతారు, మన లెక్క మళ్లీ మొదటికొస్తుంది.