హెల్త్ తగ్గితే ముందుకే ఉరుకు

కోడలు పిల్లకు నల్గొండ నుంచి మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. రాక్షసులను కాల్చే కంప్యూటర్ ఆట డూమ్ ఎటర్నల్ కొన్నావు, సూపర్ గోర్ నెస్ట్ లెవెల్ దగ్గర ఇరుక్కున్నావు, గుండ్లు ఎప్పుడూ చాలడం లేదు, దాక్కున్నా బతకనివ్వడం లేదు. ఇవీ నీ ఫిర్యాదులు. ఫోనులో చెబుదామంటే పక్కనుంచి అక్క "ఇద్దరికీ వేరే పని లేదా" అని అందుకుంటుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. గడియారం సెంటర్ దగ్గర నెట్ సెంటర్ నడిపిన మామయ్యకు ఆటల గురించి రాయడం కొత్త పనేమీ కాదు.

ముందు అసలు సంగతి. నువ్వు ఇంతకుముందు ఆడిన తుపాకీ ఆటలు నీకు ఒక అలవాటు నేర్పాయి. దెబ్బ తగిలితే గోడ చాటుకు పోవాలి, తెర మీద ఎరుపు తగ్గేదాకా ఆగాలి, తర్వాత తల బయట పెట్టాలి. ఈ ఆటలో ఆ పప్పులు ఉడకవు. గోడ చాటున ఎంతసేపు నక్కినా హెల్త్ ఒక్క అంకె పెరగదు. అది రాక్షసుల ఒంట్లోనే ఉంది, వాళ్ళ దగ్గరికి వెళ్ళి తెచ్చుకోవాల్సిందే. దెబ్బలు తిని, తూలుతూ, మెరుస్తున్న రాక్షసుడి దగ్గరికి వెళ్ళి గ్లోరీ కిల్ చేస్తే, అంటే చేతికి చిక్కించుకుని ముగిస్తే, హెల్త్ రాలుతుంది. చైన్సాతో, అంటే మోటారు రంపంతో, కోస్తే తూటాలు రాలతాయి. భుజం మీది నిప్పు గొట్టం ఫ్లేమ్ బెల్చ్‌తో నిప్పంటించి ఆ మంటలోనే కొడితే ఆర్మర్, అంటే కవచం, ముక్కలు రాలతాయి. ఆట మొత్తం ఈ మూడింటి మీదే నిలబడి ఉంది. నీకు గుండ్లు చాలకపోవడానికి కారణం నువ్వు వృథా చేయడం కాదు. కావాలనే తక్కువ ఇచ్చారు. మొదట్లో షాట్‌గన్‌లో 16 తూటాలకు మించి పట్టవు. అవి అయిపోయినప్పుడల్లా చైన్సా తీయాలన్నదే ఆట తయారుచేసినవాళ్ళ ఉద్దేశం.

చైన్సా గురించి ఇంకొక మాట. చిన్న రాక్షసులను కోయడానికి ఒక గడి ఇంధనం చాలు. ఆ మొదటి గడి ఖాళీ అయినా కాసేపటికి తనంతట తానే నిండుతుంది. కాబట్టి దాన్ని దాచుకోవడంలో అర్థం లేదు. నువ్వు పెద్దవాళ్ళ కోసం ఇంధనం కూడబెడుతున్నట్టున్నావు. మానుకో. నిండిందంటే ఒక జాంబీనో, ఇంప్‌నో కోసెయ్యి, తూటాలు నింపుకో, మళ్ళీ పెద్దవాళ్ళ మీద పడు.

ఇందులోంచే రెండో సంగతి వస్తుంది. గదిలోకి దూకగానే ఎదురైన చిన్నవాళ్ళనందరినీ ఊడ్చేస్తున్నావు కదూ? చాలాచోట్ల పెద్దవాళ్ళు బతికి ఉన్నంతసేపూ చిన్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ పుడుతూనే ఉంటారు. వాళ్ళను నీ మీదికి వదిలింది నిన్ను చంపడానికి కాదు, నీకు హెల్త్, తూటాలు అందించడానికి. అవసరం పడేదాకా వాళ్ళను తిరగనివ్వు.

ఒక పోరాటం ఎలా నడవాలో చెబుతాను. నీ హెల్త్ ఇరవైకి పడింది. ఎదురుగా మాన్‌క్యూబస్ అనే పెద్ద రాక్షసి రెండు చేతుల ఫిరంగులూ ఎత్తింది. పైన గాలిలో తేలే రాక్షసి కాకోడెమన్ నోరు తెరుచుకుని వస్తోంది. ఎడమ పక్క మెట్ల కింద రెండు జాంబీలు. నువ్వయితే ఈ క్షణంలో వెనక్కి తిరిగి తలుపు వైపు పరుగు తీస్తావు, మాన్‌క్యూబస్ నీ వీపు కాలుస్తుంది. అలా కాకుండా ఎడమకు డ్యాష్ కొట్టు, అంటే ఒక్క ఉరుకులో దూసుకుపో. దారిలోనే జాంబీల మీద ఫ్లేమ్ బెల్చ్ ఊదు. ఒకదాన్ని తూలేదాకా కొట్టి గ్లోరీ కిల్ చెయ్యి, రెండోదాన్ని చైన్సాతో కొయ్యి. గ్లోరీ కిల్ జరుగుతున్నంతసేపు నిన్నెవరూ ఏమీ చేయలేరు, ఆ సమయం చుట్టూ చూసుకోవడానికి వాడుకో. ఇప్పుడు హెల్త్ ఉంది, ఆర్మర్ ఉంది, తూటాలు ఉన్నాయి. కాకోడెమన్ నోట్లోకి షాట్‌గన్‌తో విసిరే అంటుకునే బాంబు, స్టికీ బాంబు, ఒకటి వదిలితే గుటుక్కున మింగి వెంటనే తూలిపోతుంది. ఎగిరి దాన్ని ముగించు. గాలిలోంచి దిగేసరికి మాన్‌క్యూబస్ నీకు పక్కకు తిరిగి ఉంటుంది. ఇదంతా పట్టుమని పది సెకన్ల పని.

పెద్దవాళ్ళతో తలపడేటప్పుడు ముందు వాళ్ళ ఆయుధం విరగ్గొట్టు. అరాక్నోట్రాన్ నెత్తి మీద ఉన్న తుపాకీని హెవీ కానన్ తుపాకీలోని గురి తూటా ప్రెసిషన్ బోల్ట్‌తో చూసి కొడితే ఊడిపోతుంది. ఆ తర్వాత అది సగం రాక్షసి. మాన్‌క్యూబస్ చేతులూ, రెవెనెంట్ భుజాల మీది రాకెట్లూ అంతే. పింకీకి ముందంతా కవచమే, వెనక తోక వైపు కొట్టాలి. ఆర్చ్‌వైల్ కనిపిస్తే మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు దాని సంగతి చూడు. అది బతికి ఉంటే కొత్తవాళ్ళను దింపుతూనే ఉంటుంది. డూమ్ హంటర్ కవచం మీద ప్లాస్మా బాగా పనిచేస్తుంది. ఆ సంగతి ఆటే చెబుతుంది, నువ్వు ఆ సలహా పెట్టెలు చదవకుండా మూసేస్తావని నాకు తెలుసు.

ఇక గొడ్డలి, డాలు పట్టిన శత్రువు మరాడర్. ఇంకా నీకు ఎదురుపడలేదు, తర్వాతి లెవెల్ చివర్లో వస్తాడు. ఈ ఆట ఆడినవాళ్ళలో సగం మంది తిట్టుకునేది వాణ్ణే. నాకు మాత్రం వాడంటే ఇష్టం. వాడి దగ్గర ఒక పద్ధతి ఉంది. మరీ దగ్గరికి పోతే షాట్‌గన్‌తో పేలుస్తాడు. దూరంగా ఉంటే గొడ్డలి విసురు గాలిలో దూసుకొస్తుంది. డాలు మీద కాల్చావంటే కుక్కను వదులుతాడు. మధ్యస్థ దూరంలో నిలబడితే గొడ్డలి ఎత్తుకుని నీ మీదికి వస్తాడు, ఆ క్షణంలో వాడి కళ్ళు ఆకుపచ్చగా మెరుస్తాయి. అప్పుడు, అప్పుడు మాత్రమే, సూపర్ షాట్‌గన్ పేల్చు. తూటాలు మళ్ళీ ఎక్కేదాకా ఆగకుండా బలిస్టా అనే ఆయుధానికి మారి ఇంకొకటి వెయ్యి. మళ్ళీ దూరం సరిచేసుకో. వాడితో పాటు వేరేవాళ్ళు ఉంటే ముందు వాళ్ళందరినీ తుడిచేసి వాణ్ణి ఆఖరికి మిగుల్చుకో. తొందరపడినంతసేపూ ఓడిపోతావు.

ఆయుధం మార్చడం ఒక్క మరాడర్‌కే కాదు, అంతటికీ పనికొస్తుంది. సూపర్ షాట్‌గన్ పేల్చాక మళ్ళీ నిండటానికి పట్టే సమయం కంటే ఇంకో ఆయుధానికి మారే సమయం తక్కువ. ఆ తేడాలోనే మంచి ఆటగాళ్ళ వేగమంతా ఉంది. మొదట్లో ఆయుధాలు ఎంచుకునే చక్రం, వెపన్ వీల్, వాడుకో, అది తెరిస్తే కాలం నెమ్మదిస్తుంది. వారం పది రోజుల తర్వాత మాత్రం ఒక్కో ఆయుధానికి ఒక్కో మీట పెట్టుకో. కీబోర్డు పై వరుసలో ఎనిమిదో అంకె దాకా వేలు చాపడం నీ చిన్న చేతులకు కుదరదు. నడిచే మీటల చుట్టూ ఉన్నవీ, మౌస్ పక్క బటన్లూ వాడు. ఎక్కువగా వాడే మూడు ఆయుధాలకు ముందు అలవాటు పడు, మిగతావి మెల్లగా వస్తాయి.

కదలిక సంగతి నీకు వేరే చెప్పాలా? స్కూల్లో కబడ్డీ ఆడినదానివి. కూతకు వెళ్ళినప్పుడు ఒక్కరి మీదే చూపు పెట్టుకుని నిలబడితే మూల నుంచి వచ్చి కాలు పట్టేస్తారు. ఇక్కడా అంతే. కాలుస్తున్నది ఒకణ్ణే అయినా కన్ను గది మొత్తం తిరగాలి, కాళ్ళు ఆగకూడదు. ముందుకూ వెనక్కూ కంటే పక్కలకు కదులు. ఎగురు, గాలిలో ఇంకోసారి ఎగురు, డ్యాష్‌లు రెండూ ఒకేసారి ఖర్చు చేయకుండా ఒకటి తప్పించుకోవడానికి మిగుల్చుకో. కొత్త గదిలోకి దిగేముందు అంచున నిలబడి ఎక్కడ గోడ ఎక్కవచ్చో, ఎక్కడ ఊగే కడ్డీ ఉందో చూసుకో. రాక్షసులు వచ్చాక దారి వెతుక్కునే తీరిక ఉండదు.

కష్టం స్థాయి అల్ట్రా వయొలెన్స్ పెట్టుకున్నావట. మీ స్నేహితుల ముందు పరువు సంగతి నాకు తెలియదు కానీ, నీ స్థానంలో నేనుంటే దాని కింది స్థాయి హర్ట్ మీ ప్లెంటీకి దించి, చేతికి అలవాటయ్యాక మళ్ళీ పెంచుతాను. మధ్యలో ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఆట ఏమీ అనదు. సాధన కోసం, లెవెల్స్ మధ్య నువ్వు తిరిగే కోట ఫోర్ట్రెస్ ఆఫ్ డూమ్ కింది అంతస్తులో, రిపటోరియం అనే గోదా ఉంది. అక్కడ చచ్చినా కథ వెనక్కి పోదు. కొత్త మీటలు పెట్టుకున్న రోజు నేరుగా లెవెల్‌లోకి పోకుండా అక్కడ కాసేపు తిరుగు.

ఇప్పుడు యంత్రం సంగతి. నీ గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1650 కంపెనీ చెప్పిన కనీస జాబితాలోనే ఉంది. 8 జీబీ ర్యామ్, డిస్కులో సరిపడా జాగా ఉంటే ఆట నడుస్తుంది. కానీ ఆ కార్డుకు ఉన్నది 4 జీబీ మెమరీయే కాబట్టి బొమ్మల నాణ్యతకు కేటాయించే మెమరీ, టెక్స్చర్ పూల్ సైజ్, తక్కువలోనే ఉంచు. బొమ్మ అందం ఈ వేగంలో నీకు కనిపించదు, ఫ్రేములు పడిపోవడం మాత్రం తప్పకుండా కనిపిస్తుంది. కదిలేటప్పుడు బొమ్మను మసకచేసే మోషన్ బ్లర్ తీసెయ్యి. ఫ్రేములను తెర వేగానికి కట్టేసే వీ సింక్ తీసేసి చూడు, మౌస్ కదలికకు తెర త్వరగా స్పందిస్తుంది. ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే చూపు వెడల్పు, పెంచుకో, పక్కనుంచి వచ్చేవాళ్ళు ముందే కనిపిస్తారు. విండోస్‌లో చేతి వేగాన్ని బట్టి దూరం మార్చే మౌస్ యాక్సిలరేషన్ ఆపెయ్యి. అది ఉంటే చేతికి కొలత అలవాటు కాదు. ప్యాడ్ ఈ చివర నుంచి ఆ చివరకు మౌస్ జరిపితే నువ్వు వెనక్కి తిరిగిపోయేంత వేగం పెట్టుకుని, ఇక దాన్ని ముట్టుకోకు. ఓడిన ప్రతిసారీ సెన్సిటివిటీ మార్చేవాళ్ళను నెట్ సెంటర్‌లో చాలామందిని చూశాను, ఒక్కడూ బాగుపడలేదు.

అన్నిటికంటే ముఖ్యం, నీ గది. న్యూటౌన్‌లో పై అంతస్తు, మీద నేరుగా స్లాబు. పాలమూరు ఎండలు ఎలా ఉంటాయో నీకు నేను చెప్పనక్కర్లేదు. కార్డు మరీ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం ఆడితే చేయి సాగడం లేదని, రాత్రి ఆడితే బాగా వస్తోందని నువ్వు రాసింది బహుశా ఇదే. నీ గురికి ఏమీ కాలేదు. క్యాబినెట్‌ను గోడకు ఆనించకుండా జానెడు ముందుకు జరుపు. పక్క రేకు విప్పి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులుపు. గాలి ఊదేటప్పుడు కార్డు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకో, గిర్రున తిరగనివ్వకు. నీళ్ళ కూలర్ మీ మీదికి తిప్పుకోండి, కంప్యూటర్ మీదికి మాత్రం వద్దు, ఆ తడి గాలి దానికి మంచిది కాదు. ఇంటి ఇన్వర్టర్ మీద నమ్మకం పెట్టుకోకు. కరెంటు పోయి అది అందుకునే లోపు కంప్యూటర్ ఆరిపోతే చెక్‌పాయింట్ నుంచి మళ్ళీ మొదలు. చిన్న యూపీఎస్ ఒకటి పెట్టించమని బావకు నేను చెబుతాను. సాయంత్రం ఈదురుగాలి మొదలైతే ఆట ఆపి ప్లగ్గు పీకెయ్యి.

ఇంట్లో పాటించాల్సినవి రెండే. ఇది పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళ ఆట. తమ్ముడు గదిలో ఉన్నప్పుడు పెట్టకు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడు. ఈ ఆటలో రాక్షసులు వెనకనుంచి వచ్చేది చెవికే ముందు తెలుస్తుంది, అక్కకు ఆ అరుపులు వినే బాధ తప్పుతుంది. ఒకే చోట వరసగా చచ్చి చచ్చి దవడ బిగుసుకుపోతే లేచి కిందికి వెళ్ళి నీళ్ళు తాగిరా. ఆ కోపంతో ఆడితే దూరాలు తప్పుతావు, మణికట్టు నొప్పి అదనం.

డూమ్ ద డార్క్ ఏజెస్ కూడా కొంటానన్నావు. 2025లో వచ్చిన ఆ ఆటకు రే ట్రేసింగ్, అంటే వెలుగు కిరణాల లెక్క, చేయగల కార్డు తప్పనిసరి. నీ 1650 మీద అది నడవదు, డబ్బు పెట్టకు. అంతగా ఆకలి తీరకపోతే 2016లో వచ్చిన డూమ్ ఆడు, నీ కార్డుకు అది తేలిక. 1993 నాటి మొదటి డూమ్ అయితే ఎక్కడైనా నడుస్తుంది. 386 ప్రాసెసర్, 4 ఎంబీ మెమరీ ఉన్న యంత్రాల కోసం ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు చేసింది అది. అందులో ఎగరడం లేదు, తల పైకెత్తి చూడటం లేదు. అయినా నిలబడినవాణ్ణి బతకనివ్వదు. ఆటలు అమ్మే ఆన్‌లైన్ అంగడి స్టీమ్‌లో ఏది కొన్నా, రెండు గంటల లోపు ఆడి, పద్నాలుగు రోజుల లోపు అడిగితే డబ్బు వెనక్కి ఇస్తారు. మొదటి గంటలోనే నీ యంత్రం మీద ఎలా నడుస్తోందో తేల్చుకో. కొత్త కార్డు కొనే ఆలోచన ఉంటే మాత్రం ఒక్కదానివే సికింద్రాబాద్ పార్క్ లేన్‌కు పోకు. నాకు చెప్పు, ఇద్దరం కలిసి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు కొట్లు తిరుగుదాం. సెకండ్ హ్యాండ్ కార్డు అయితే కళ్ళముందు నడిపించి చూపిస్తేనే డబ్బు ఇవ్వాలి.

దసరాకు వచ్చినప్పుడు నా పాత మెకానికల్ కీబోర్డు తీసుకెళ్ళు. మీటలన్నీ బాగానే ఉన్నాయి, స్పేస్ ఒక్కటే కాస్త గట్టిగా నొక్కాలి. ఎగరడానికి వేరే మీట ఇప్పుడే చూసి పెట్టుకో.

మీ మామయ్య