ఎన్‌క్లేవ్, ఎక్స్‌క్లేవ్: మా అమ్మ మడి దగ్గర నాకు తెలిసిన తేడా

ఎన్‌క్లేవ్ అంటే ఏమిటి, ఎక్స్‌క్లేవ్ అంటే ఏమిటి, యానాం ఈ రెండిట్లో ఏది, వీటికి తెలుగు మాటలున్నాయా అని అడిగారు. పోటీ పరీక్షలకు చదువుతున్నానని కూడా రాశారు. నిర్వచనాలు మీ పుస్తకంలో ఉంటాయి. నాకు మాత్రం ఈ తేడా మా అమ్మ పేరున ఉన్న 35 సెంట్ల మడి దగ్గర అర్థమైంది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

మాది శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస దగ్గర పల్లె. అమ్మ పెళ్లికి తాతయ్య పసుపు కుంకుమల కింద ఆ మడి రాసిచ్చారు. అప్పట్లో దాని చుట్టూ ఉన్న పొలమంతా తాతయ్యదే. దస్తావేజులో చెక్కుబందీ, అంటే నాలుగు దిక్కుల హద్దులు, రాసేచోట తూర్పున మా భూమి, దక్షిణాన మా భూమి, పడమర మా భూమి, ఉత్తరాన మా భూమి అని రాయించారు. పుట్టింటి పొలం నడుమ కూతురి మడి. దారి సంగతి ఎవరికీ తట్టలేదు. తాతయ్య పోయాక, కొన్నేళ్లకు, మావయ్య ఆ చుట్టూ ఉన్న పొలమంతా ఒకే రైతుకు అమ్మేశాడు.

ఆ రైతు ఎవరితో మాట్లాడినా "నా పొలం నడిమిని వాళ్ల మడి ఒకటుంది" అనేవాడు. మా నాన్నేమో "మన పొలమంతా గెడ్డకి (వాగుకి) ఇవతలుంది, ఆ ముక్క ఒక్కటీ విడిగా అవతల పడింది" అనేవారు. ఇద్దరూ చెప్పేది ఒకే మడి గురించి. చుట్టూ ఉన్నవాడు చూసేది ఎన్‌క్లేవ్. దూరంగా ఉన్న సొంతదారు చూసేది ఎక్స్‌క్లేవ్. ఇంట్లో మేం దాన్ని నడిమి ముక్క అనీ విడి ముక్క అనీ రెండు రకాలుగానూ అనేవాళ్లం. మీకు తెలుగు మాటలు కావాలంటే నేను ఇవే ఇస్తాను. పెద్ద సంస్కృత సమాసం కట్టడం కంటే ఇవే మేలు, వినగానే బొమ్మ కళ్లముందుకొస్తుంది.

ఎన్‌క్లేవ్ అన్న మాట ఫ్రెంచి నుంచి వచ్చింది. దాని వేరు లాటిన్‌లో తాళంచెవి అనే అర్థమున్న మాట. లోపల పెట్టి తాళం వేసినట్టు అన్నమాట. ఎక్స్‌క్లేవ్ తర్వాత దానికి జోడీగా పుట్టించిన మాట.

ఇప్పుడు యానాం. అది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికి చెందింది. సుమారు 30 చదరపు కిలోమీటర్లు, చుట్టూ ఆంధ్రప్రదేశే. మన వైపు నుంచి చూస్తే అది మన నడిమి ముక్క, ఎన్‌క్లేవ్. ఎన్నో వందల కిలోమీటర్ల దూరాన ఉన్న పుదుచ్చేరి నుంచి చూస్తే వాళ్ల విడి ముక్క, ఎక్స్‌క్లేవ్. కాబట్టి యానాం రెండూ అవుతుంది. పుదుచ్చేరికే చెందిన మాహే, కారైకాల్ అలా కావు. రెంటికీ ఒక వైపు సముద్రం ఉంది, అందుకని అవి ఎక్స్‌క్లేవ్‌లే గానీ పూర్తి ఎన్‌క్లేవ్‌లు కావు. పరీక్షలో తికమక పెట్టేది సరిగ్గా ఇక్కడే.

రెండూ ఎప్పుడూ కలిసే ఉండాలని లేదు. లెసోతో చుట్టూ దక్షిణాఫ్రికా ఒక్కటే ఉంది, కానీ అది స్వతంత్ర దేశం, ఎవరి విడి ముక్కా కాదు. అది ఎన్‌క్లేవ్ మాత్రమే. వాటికన్, శాన్ మారినో కూడా అంతే, రెంటి చుట్టూ ఇటలీయే. రష్యాకు చెందిన కాలినిన్‌గ్రాడ్ సంగతి వేరు. దానికి పోలండ్, లిథువేనియా, బాల్టిక్ సముద్రం మూడూ హద్దులు. ఒకే దేశం చుట్టుకుని లేదు కాబట్టి అది ఎక్స్‌క్లేవ్ మాత్రమే. చెక్కుబందీ రాసి చూడండి. నాలుగు దిక్కులా ఒకే పేరు వస్తే ఎన్‌క్లేవ్, లేకపోతే కాదు. నేను మా పిల్లలకు ఇలాగే చెప్పాను.

మా మడి దగ్గర అసలు గొడవ మాటలతో రాలేదు, దారితో వచ్చింది. ఒక ఏడాది ఉభాల (వరినాట్ల) వేళకి ఆ రైతు గట్టు మీద కంప వేసేశాడు. నారుకట్టలు నెత్తిన పెట్టుకుని అమ్మ, ఇద్దరు కూలీలు గట్టు దగ్గరే నిలబడిపోయారు. నీళ్లు కూడా ఆయన మళ్లలోంచి మా మడిలోకి దిగాలి. ఆ పది రోజులు ఇంట్లో అందరికీ టెన్షనే. నారు ముదిరిపోతోంది, అమ్మకు నిద్ర లేదు. చివరికి ఊరి పెద్దలు కూర్చుని తాతయ్య దస్తావేజు చదివించారు. అప్పుడు మాకు తెలిసిన విషయం ఏమిటంటే, 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 13వ సెక్షన్ ఇలాంటి చోటికే ఉంది. ఒకరి భూమిలోంచి ఒక ముక్క విడదీసి ఇచ్చినప్పుడు, ఆ ముక్కకు వేరే దారే లేకపోతే, మిగిలిన భూమి మీదుగా నడిచే హక్కు దానితో పాటే వస్తుంది. ఆ మిగిలిన భూమి తర్వాత చేతులు మారినా ఆ హక్కు పోదు. కోర్టు దాకా వెళ్లలేదు. ఆ రైతే ఉత్తరపు గట్టును ఆరడుగులు వెడల్పు చేసి దారిగా వదిలాడు.

అందుకే తీన్ బిఘా గురించి చదివినప్పుడు నాకు అది దూరం విషయంలా అనిపించలేదు. దహగ్రామ్, అంగర్‌పోతా బంగ్లాదేశ్ ఊళ్లు, చుట్టూ భారతదేశం. వాళ్లు తమ దేశంలోకి పోవాలంటే మన నేల దాటాలి. 1992లో మన దేశం తీన్ బిఘా అనే చిన్న నేల ముక్కను వాళ్లకు దారిగా తెరిచింది. మొదట పగలు కొన్ని గంటలే, 2011 నుంచి 24 గంటలూ. దేశాల మధ్య కూడా అది గట్టు దారే.

అదే ప్రాంతంలో, పశ్చిమ బెంగాల్‌లోని కూచ్‌బిహార్ వైపు, ఛిట్‌మహల్‌లు ఉండేవి, అంటే ఇలాంటి నడిమి ముక్కలే. బంగ్లాదేశ్ లోపల మనవి 111, మన లోపల వాళ్లవి 51. 1974లో ఒప్పందం రాసుకుంటే అవి చేతులు మారేసరికి 2015 జూలై 31 అర్ధరాత్రి అయింది. వాటిలో దహలా ఖగ్రాబరీ అనే ముక్క ఒకటుండేది. బంగ్లాదేశ్‌లో భారత్ ముక్క, దానిలో బంగ్లాదేశ్ ముక్క, దానిలో మళ్లీ భారత్ ముక్క. విస్తీర్ణం సుమారు ఎకరా 70 సెంట్లు. ఒక రైతు పొలమంత! ఈ ఛిట్‌లలో నలభై యాభై వేల మంది కరెంటూ బడీ ఆసుపత్రీ సరిగా లేకుండా బతికారంటే, మా అమ్మ గట్టు దగ్గర నిలబడ్డ ఆ పది రోజులే నాకు గుర్తొస్తాయి.

చుట్టూ ఉండటానికి తెలుగులో మాటలకు కొదవ లేదు, ఒక్కోటి ఒక్కో చోటికి. పొలానికి గట్టు, పెరటికి దడి, ఇంటికి ప్రహరీ, ఊరికి పొలిమేర. పొలిమేర అంటే పొలం మేర, పొలాలు ఎంతవరకు ఉంటే ఊరు అంతవరకు. కోటకు కందకం. సైన్యం చుట్టుకుంటే ముట్టడి. దారులన్నీ మూసేస్తే దిగ్బంధం, అంటే దిక్కులను కట్టేయడం. మాకు ఆ రైతు చేసింది అదే. భూపరివేష్టిత దేశం అన్న మాట మీ పుస్తకంలో కనిపిస్తుంది, దాన్ని ఎన్‌క్లేవ్‌తో కలపకండి. అది సముద్రం లేని దేశం అని మాత్రమే. నేపాల్‌కి సముద్రం లేదు, కానీ దాని చెక్కుబందీలో భారత్, చైనా అని రెండు పేర్లొస్తాయి.

సాలూరు కొండల మీది కొటియా ఊళ్లు ఎన్‌క్లేవా అని మా వైపు కుర్రాళ్లు అడుగుతుంటారు. కాదు. అవి ఆంధ్ర, ఒడిశా సరిహద్దు మీదే ఉన్నాయి. రెండు రాష్ట్రాలూ మావే అంటున్నాయి, 1968 నుంచి కోర్టుల్లో నలుగుతున్న హద్దు తగాదా అది. నడిమి ముక్కకు హద్దు ఎక్కడో అందరికీ తెలుసు, దారి మాత్రమే ఉండదు. కొటియాలో హద్దే తేలలేదు.

మీరు ఎప్పుడైనా పొలం కొంటే, నాలుగు దిక్కులా ఒకే పేరు కనిపించినచోట "రాకపోకల దారితో సహా" అని ఒక్క ముక్క రాయించుకోండి. మా తాతయ్య దస్తావేజులో అది లేదు.