ప్రాజెక్టు చేపట్టేవారే ప్రభావ నివేదిక రాయించవచ్చా?

ప్రశ్న: ఆనకట్ట, గని, విద్యుత్ కేంద్రం వంటివి కట్టేముందు పర్యావరణ ప్రభావ అంచనా తప్పనిసరి అంటారు. కానీ ఆ నివేదికను ప్రాజెక్టు చేపట్టే సంస్థే డబ్బిచ్చి తయారు చేయిస్తుందట. అలాంటి నివేదికను దేశాలు ఎలా నమ్ముతున్నాయి?

జవాబు: మీ సందేహం న్యాయమైనదే. చాలా దేశాల్లో నివేదిక ఖర్చు, తయారీ బాధ్యత ప్రాజెక్టు చేపట్టేవారివే. నష్టం కలిగించగల పనిని తలపెట్టినవారే దాన్ని లెక్కగట్టే ఖర్చు భరించాలనే వాదన సమంజసంగానే ఉంది. అయితే ఖర్చు ఎవరిదన్నదానికన్నా, నివేదిక ఏయే ప్రశ్నలకు జవాబు చెప్పాలో ఎవరు నిర్ణయించారు, ఆ జవాబులను ఎవరు పరీక్షించారు అన్నవే ముఖ్యమని నేను భావిస్తాను.

పరీక్షించే పనికి నెదర్లాండ్స్ మంచి దారి చూపింది. 1987 నుంచి అక్కడ ఒక స్వతంత్ర కమిషన్ పనిచేస్తోంది. ఆయా ప్రాజెక్టులతో ఎలాంటి ప్రయోజనాలూ లేని నిపుణులను ఎంపిక చేసి, నివేదికలోని సమాచారం నిర్ణయం తీసుకోవడానికి సరిపోతుందో లేదో చెప్పి, ఆ అభిప్రాయాన్ని బహిరంగంగా ప్రకటిస్తుంది. అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం దాని పని కాదు. యూరోపియన్ యూనియన్ 1985లో తెచ్చిన ఆదేశానికి 2014లో చేసిన సవరణ కూడా సమర్థులైన నిపుణులే నివేదిక రాయాలని చెప్పింది. అనుమతి ఇచ్చే అధికార సంస్థే ప్రాజెక్టు చేపట్టేదీ అయినప్పుడు ఆ రెండు బాధ్యతలను విడదీయాలని నిర్దేశించింది.

అమెరికాలో 1970 జనవరి 1న అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో చట్టమైన జాతీయ పర్యావరణ విధానం ఈ ప్రక్రియకు మొదటి నమూనా. ప్రైవేటు సంస్థ పత్రాలు సిద్ధం చేసినా అక్కడ నివేదికకు పూచీ ఫెడరల్ సంస్థదే. ప్రాజెక్టును అసలు చేపట్టకపోతే ఏమవుతుందో కూడా అందులో పోల్చి చూపాలి. నా దృష్టిలో నివేదికకు ప్రాణం ఈ పోలికే. ప్రత్యామ్నాయాల అధ్యాయం రెండు పేజీలతో ముగిసిపోతే నిర్ణయం ముందే జరిగిపోయిందని అనుమానించవలసి వస్తుంది. అయితే ఈ చట్టం నిర్దేశించేది ప్రక్రియనే తప్ప ఫలితాన్ని కాదని అక్కడి సుప్రీంకోర్టు 1989లో స్పష్టం చేసింది. అంటే తీవ్రమైన నష్టాన్ని నిజాయితీగా నమోదు చేసిన తర్వాత కూడా అనుమతి ఇవ్వవచ్చు.

ఏ ప్రశ్నలు వేయాలన్నదానిపై న్యాయస్థానాలు కూడా ఒకే దారిన వెళ్లడం లేదు. ఇంగ్లండులోని సర్రీ ప్రాంతపు చమురు బావుల కేసులో, తీసిన చమురును మండించినప్పుడు వెలువడే ఉద్గారాలనూ లెక్కించవలసి ఉందని బ్రిటన్ సుప్రీంకోర్టు 2024 జూన్‌లో తీర్పు చెప్పి, అనుమతిని కొట్టివేసింది. చమురును తరలించేందుకు ఉద్దేశించిన యూటా రైలు మార్గం విషయంలో మాత్రం, దానివల్ల వేరేచోట పెరిగే డ్రిల్లింగ్, శుద్ధి పనుల ప్రభావాన్ని అంచనా వేయనక్కరలేదని అమెరికా సుప్రీంకోర్టు 2025 మేలో తేల్చింది. నివేదిక ఎంత శ్రద్ధగా రాసినా, దాని పరిధిని కుదిస్తే అతి పెద్ద ప్రభావమే లెక్కలోకి రాకుండా పోగలదు.

కాబట్టి ఏదైనా నివేదిక మీ చేతికి వస్తే, రాసినవారి పేరుతోపాటు పరిధి, ప్రత్యామ్నాయాల అధ్యాయాలు చూడండి. నీరు, గాలి, జీవజాలం వివరాలను ఒక్క ఋతువులోనే సేకరించారా అన్నదీ గమనించండి. వేసవిలో మాత్రమే చూసిన వాగు వరద సంగతి చెప్పదు. అనుమతి తర్వాత పర్యవేక్షణ ఎవరిదో, ఆ కొలతలు ప్రజలకు అందుతాయో లేదో ప్రజాభిప్రాయ సేకరణలోనే రాతపూర్వకంగా అడగండి.