పాఠకుల ప్రశ్నలు: పలకని జీ, హెచ్‌ల కథ

ప్రశ్న: నైట్, లైట్, ఎయిట్, థాట్, డాటర్ అనే ఇంగ్లీషు మాటలన్నింటిలోనూ జీ, హెచ్, టీ అనే అక్షరాలు వరుసగా వస్తాయి. వాటిలో మొదటి రెండూ పలకవు. పలకనివాటిని రాయడం దేనికని ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి అడుగుతోంది. వివరించగలరు. – ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అవి ఇప్పుడు పలకవు గాని, ఒకప్పుడు పలికినవే. ఈ మాటలన్నీ 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించక ముందునుంచీ ఆ భాషలో ఉన్నవి. నైట్‌ను అప్పట్లో ‘నిహ్త్’ అనీ, డాటర్‌ను ‘దొహ్తొర్’ అనీ రాసేవారు. గుంటూరులో ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ‘ఖబర్’ అన్నప్పుడు గొంతులోంచి ఒరుసుకుంటూ వచ్చే ధ్వని ఉన్నదే, ఆ హెచ్ ఇంచుమించు అలా పలికేది. నార్మన్ల తరువాతి లేఖకులు దానినే జీ, హెచ్ అని జంటగా రాయడం అలవాటు చేశారు. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం నెలకొల్పిన తరువాత రాత క్రమంగా స్థిరపడసాగింది. నోటిలోని ధ్వని మాత్రం ఆ తరువాతి కాలంలో చాలా మాటల్లో జారిపోయి, లాఫ్, కాఫ్, ఎనఫ్ వంటి కొన్నింటిలో ‘ఫ’గా మారింది. జర్మన్లు నేటికీ రాత్రిని ‘నాఖ్ట్’ అనీ, ఎనిమిదిని ‘ఆఖ్ట్’ అనీ ఆ ధ్వనితోనే పలుకుతారు.

మనకూ ఇటువంటిది ఉంది. ‘మూఁడు’లోని అరసున్న ఒకనాటి అనునాసికానికి గుర్తు, తమిళులు ‘మూన్ఱు’ అని రాసేచోట ఆ నకారం ఇంకా కనిపిస్తుంది. పలుకుబడిలో లేదని మనం అరసున్నను వాడుక రాతలోంచి తీసివేశాము, ఇంగ్లీషువారు తమ జీ, హెచ్‌లను ఉంచుకున్నారు. పిల్లలకు వర్ణక్రమం నేర్పడంలో మనదే సులువైన దారి గాని, మాట పుట్టుపూర్వోత్తరాలు వెదికేవారికి వారి రాతే ఎక్కువ ఉపకరిస్తుందని నా అభిప్రాయం. మీ అమ్మాయి సంస్కృతం చదువుతుంటే ఎయిట్ పక్కన ‘అష్ట’, నైట్ పక్కన ‘నక్తం’, డాటర్ పక్కన ‘దుహిత’ రాసి చూపండి. ఇవి ఒకే మూలభాష నుంచి చీలిన దాయాదులు. అంతమాత్రాన ఇంగ్లీషు సంస్కృతం నుంచి పుట్టిందని అనుకోరాదు; ఆ మాట మన సభల్లో తరచుగా వినిపిస్తుంది కనుక చెబుతున్నాను.

అయితే ఈ అక్షరాలు ఉన్న ప్రతి మాటా పాతదని నమ్మడానికి వీల్లేదు. డిలైట్ పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, అందులో ఆ ధ్వని ఏనాడూ లేదు. లైట్‌ను చూసి దానికీ ఈ జంటను తగిలించారు.

ప్రశ్న: ఘోస్ట్‌లోని హెచ్ కూడా అటువంటిదేనా? – ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: కాదు. ఆ మాట ప్రాచీన రూపం ‘గాస్త్’లో హెచ్ లేదు. కాక్స్‌టన్ ఇంగ్లండుకు తిరిగి రాకముందు చాలా ఏళ్లు బ్రూజ్ నగరంలో ఉన్నాడు. అక్కడి ఫ్లెమిష్ భాషలో ఈ మాటను హెచ్‌తో రాసేవారు గనుక, అచ్చు పనివారి చేతి మీదుగా అది ఇంగ్లీషులోకి వచ్చిందని పండితులు భావిస్తారు. ఘీ అనే మాట సంగతి మరీ వేరు. అది హిందీ నుంచి వెళ్లినది. దానిలోని హెచ్ మన ఘకారపు ఒత్తును చూపడానికి పెట్టినది.