మొదటి ఫిర్యాదులో లేని పేరు

ప్రశ్న: మా తమ్ముడిపై దాడి జరిగిన రాత్రే పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, నాకు తెలిసిన ఇద్దరి పేర్లతో ఫిర్యాదు ఇచ్చాను. మూడో వ్యక్తి కూడా కొట్టాడని తమ్ముడు స్పృహలోకి వచ్చాక చెప్పాడు. ఎఫ్‌ఐఆర్‌లో పేరు లేదు కనుక అతనిపై కేసు నిలవదని బంధువులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. ఎఫ్‌ఐఆర్‌తో దర్యాప్తు మొదలవుతుందే గాని, నేరాన్ని రుజువు చేసే సాక్ష్యం అది కాదు. ఫిర్యాదు ఇచ్చిన వ్యక్తి కోర్టులో సాక్ష్యం చెప్పినప్పుడు, ఆ మాటను బలపరచడానికో, అది మొదట చెప్పినదానితో పొసగడం లేదని చూపడానికో దాన్ని వాడతారు. అందులో ప్రతి వివరమూ ఉండి తీరాలన్న నియమం లేదు.

అయితే ఆ పేరు ఎందుకు రాయలేదని క్రాస్ ఎగ్జామినేషన్‌లో (ఎదుటి పక్షం లాయరు ప్రశ్నించేటప్పుడు) మిమ్మల్ని తప్పక నిలదీస్తారు. తమ్ముడు చెప్పేదాకా మీకు తెలియదన్నదే మీ జవాబు కావాలి. మూడో వ్యక్తిని మీరే చూసినట్టు మాత్రం దయచేసి ఇప్పుడు చెప్పకండి. ఆ ఒక్క మాట అబద్ధమని తేలితే మిగతా ఇద్దరిపై మీరు చెప్పే నిజాన్ని కూడా కోర్టు అనుమానించవచ్చు.

ఎఫ్‌ఐఆర్‌కు విలువ తెచ్చేది ముఖ్యంగా అది నమోదైన సమయం. ఘటన ఎప్పుడు జరిగింది, స్టేషన్‌కు సమాచారం ఎప్పుడు అందింది అన్నవి ఫారంలో విడివిడిగా రాస్తారు. ఆలస్యమైతే కారణం రాయడానికి వేరే గడి ఉంటుంది. ఆలస్యమైన ఫిర్యాదులో కల్పనలు చేరే ప్రమాదం ఉందని 1972లో తులియా కాళి కేసులో సుప్రీంకోర్టు హెచ్చరించింది. ఆ రాత్రే స్టేషన్‌కు వెళ్లి మీరు మంచి పని చేశారు.

మూడో వ్యక్తిపై విడిగా మరో ఎఫ్‌ఐఆర్ కోసం ప్రయత్నించకండి. ఒకే ఘటనపై రెండో ఎఫ్‌ఐఆర్ చెల్లదని టి.టి. ఆంటోనీ కేసులో 2001లోనే తీర్పు వచ్చింది. వైద్యులు అనుమతించిన వెంటనే తమ్ముడి వాంగ్మూలం తీసుకోవాలని దర్యాప్తు అధికారిని రాతపూర్వకంగా కోరండి. నేరాల దర్యాప్తు, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 180వ సెక్షన్ కింద దాన్ని నమోదు చేస్తారు. దెబ్బలు తిన్న మనిషి సాక్ష్యానికి కోర్టులు ప్రత్యేకమైన విలువ ఇస్తాయి. ఆధారాలు దొరికితే చార్జిషీటులో మూడో పేరు చేరుతుంది; పోలీసులు చేర్చకపోయినా, విచారణలో సాక్ష్యం బయటపడితే అదే చట్టం 358వ సెక్షన్ కింద కోర్టే అతన్ని పిలిపించగలదు.