కారు బాగుచేశాను, సి బుక్కు మాత్రం ఇంకొకరి పేరు మీద ఉంది

ప్రశ్న: నేను ఐటీఐ చేసి గుంటూరులో ఒక షెడ్డులో మెకానిక్‌గా పని చేస్తున్నాను. వయసు 26. నాలుగు నెలల క్రితం పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో 2009 మోడల్ పెట్రోల్ కారు 62 వేలకు కొన్నాను. సి బుక్కులో ఉన్నది వేరే ఆయన పేరు. పేరు మార్పుకు పెట్టే 29, 30 ఫారాలు ఖాళీవి, ఆయన సంతకాలు పెట్టినవి, కన్సల్టెన్సీ వాళ్లు నాకిచ్చారు. ఇంజన్ పూర్తిగా పోయి ఉంటే ఆటోనగర్‌లో అదే మోడల్ పాత ఇంజన్ తెచ్చి, సెలవు రోజుల్లో నేనే బిగించాను. క్లచ్, సస్పెన్షన్, టింకరింగ్, పాత రంగే మళ్లీ వేయించడం, అన్నీ కలిపి ఇంకో 41 వేలు అయ్యాయి. ఇప్పుడు ఒకాయన లక్షా 60 వేలకు అడుగుతున్నారు. రిజిస్ట్రేషన్ గడువు 2024లోనే అయిపోయిందని మొన్ననే చూశాను. ఇన్సూరెన్స్ కూడా లేదు. నా పేరు మీదికి మార్చుకోకుండా నేరుగా ఆయన పేరు మీదికే మార్పిస్తే ఖర్చు తగ్గుతుందని మా బావ అంటున్నాడు. అలా చేయవచ్చా? ఇకముందు ఏడాదికి నాలుగైదు కార్లు ఇలా కొని, బాగుచేసి అమ్మాలని ఉంది. దానికి లైసెన్స్ ఏమైనా కావాలా?

జవాబు: ముందుగా ఒకటి చెప్తాను. ఈ జవాబు చదివిన దగ్గర్నుంచి ఆ కారును రోడ్డు మీదికి తీయకండి. ట్రయల్‌కు కూడా వద్దు. కాగితాల లోపాలన్నీ కొంచెం డబ్బుతో, కొంచెం ఓపికతో సరిదిద్దుకోవచ్చు. ఇన్సూరెన్స్ లేని కారు కింద ఎవరైనా పడితే ఆ కుటుంబానికి మీరేం చెప్పగలరు?

సొంత కారును సొంతంగా బాగుచేసుకోవడానికి ఏ చట్టమూ అడ్డురాదు. షెడ్డుకే ఇవ్వాలన్న నిబంధన ఎక్కడా లేదు. పనిలో లోపం ఉంటే మాత్రం బాధ్యత మీదే. బ్రేకులో గానీ స్టీరింగులో గానీ లోపం ఉందని తెలిసి, లేదా కాస్త జాగ్రత్తగా చూస్తే తెలిసేదే అయినా చూడకుండా కారు నడిపితే, మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద శిక్ష ఉంది. ఆ లోపం వల్ల ఎవరికైనా గాయమైతే మూడు నెలల దాకా జైలు లేదా 5,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మెకానిక్ పని తెలిసిన మీరు 'నాకు తెలియదు' అంటే కోర్టు నమ్మడం కష్టం.

ఇక అసలు విషయం. ఈ కారు ఎవరిది? డబ్బిచ్చి, బండి తీసుకున్నారు కాబట్టి వస్తువుల విక్రయ చట్టం ప్రకారం కారు మీదే అనవచ్చు. మోటారు వాహనాల చట్టం చూపు వేరు. 2వ సెక్షన్ 30వ క్లాజు ప్రకారం ఎవరి పేరు మీద రిజిస్టర్ అయి ఉందో ఆయనే ఓనరు. మీ టెన్షన్ అంతా ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీ నుంచే వస్తోంది.

2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ఇలాంటిదే. ఒక కారు వరుసగా చాలా చేతులు మారింది. సి బుక్కులో మాత్రం మొదటి ఆయన పేరే ఉండిపోయింది. ఇన్సూరెన్స్ లేదు. రివర్స్ చేస్తుండగా ఇద్దరికి తగిలి, ఒకరు చనిపోయారు. నేను ఎప్పుడో అమ్మేశానని మొదటి ఆయన మొత్తుకున్నారు. పరిహారం కట్టాల్సింది రిజిస్టర్డ్ ఓనరే అని కోర్టు తేల్చింది. బాధితుడు ఒకరి తర్వాత ఒకరిని వెతుక్కుంటూ తిరగాల్సిన పరిస్థితి రాకూడదన్నది ఆ తీర్పు వెనక ఉన్న ఆలోచన.

అయితే భారం పాత ఓనరుది, నాకేం అనుకోకండి. మీరు నడుపుతుండగా ప్రమాదం జరిగితే క్రిమినల్ కేసు మీ మీదే. కట్టిన పరిహారాన్ని రాబట్టుకోవడానికి ఆయన మీ మీద దావా వేస్తారు. మీ వైపు కూడా చూసుకోండి. కారు నిజంగా మీ పేరు మీద ఉండి, మీ పేరున పాలసీలో పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటే మీకేమైనా అయినప్పుడు ఇంట్లోవాళ్లకు 15 లక్షలు వచ్చే అవకాశం ఉంది. ఇప్పుడున్న స్థితిలో ఒక్క రూపాయి రాదు.

నా దగ్గరికి ఒక రిటైర్డ్ టీచర్ వచ్చారు. ఏడేళ్ల కింద అమ్మిన కారు పేరుతో, ప్రమాద పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్ నుంచి నోటీసు వచ్చింది. బండి ఎవరికి ఎప్పుడు అప్పగించారో రాసుకునే డెలివరీ నోట్ లేదు, కొన్నవాళ్ల ఫోన్ నంబరు లేదు. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టిచ్చానని మాత్రమే గుర్తుంది. పింఛను మీద బతికే మనిషి నా ముందు కూర్చుని చేతులు నలుపుకోవడం చూశాక, ఈ ఖాళీ ఫారాల అలవాటు మీద నాకున్న కాస్త సహనం కూడా పోయింది. మీ కారు సి బుక్కులో ఉన్న ఆయన కూడా అలాంటి మనిషే కావచ్చు. అమ్మిన 14 రోజుల్లో రిజిస్టరింగ్ అథారిటీకి తెలియజేయాలని 50వ సెక్షన్ ఆయనకు చెప్తోంది. కొన్న 30 రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలని మీకు చెప్తోంది. మీకు నాలుగు నెలలు దాటాయి. ఆలస్యానికి అదనంగా కట్టాల్సి ఉంటుంది, దారి మూసుకుపోలేదు.

మీ బావ సలహాకు వస్తాను. ఆ ఖాళీ ఫారంలో కొత్తగా కొనే ఆయన పేరు రాస్తే, 'ఈ కారును నేను ఈయనకు అమ్మాను' అని పాత ఓనరు చెప్పినట్టు అవుతుంది. అది అబద్ధం. ఆయన ఈ మనిషిని చూడనే లేదు. ఇలా చాలామంది చేస్తున్నారని నాకూ తెలుసు. ఇబ్బంది ఎక్కడంటే, ఈ నాలుగు నెలల్లో ఏదైనా చలానా, కేసు, ఫైనాన్స్ బాకీ బయటపడితే మీరు ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నారో చెప్పే ఒక్క కాగితమూ ఉండదు. పాత ఓనరు ఈలోగా చనిపోతే ఆ సంతకాలు దేనికీ పనికిరావు. అప్పుడు వారసులతో 31వ ఫారం దారిలో వెళ్లాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో వెళ్లి అమ్మిన ఆయన ఫోనుకు ఓటీపీ అడిగిన చోట ఖాళీ ఫారం ఎలాగూ ఆగిపోతుంది.

కాబట్టి పాత ఓనరు చిరునామా సి బుక్కులో చూసి, స్వయంగా వెళ్లి కలవండి. పేరు మార్పు పూర్తయితే ఆయన తల మీద భారం కూడా దిగిపోతుందని చెప్పండి. చాలామంది ఆనందంగా వస్తారు. తేదీలు వేసి, పేర్లు నింపి కొత్తగా 29, 30 ఫారాలు తీసుకోండి. మధ్యలో కన్సల్టెన్సీకి ఎప్పుడు అమ్మారో, మీరు ఎప్పుడు తీసుకున్నారో ఉన్నది ఉన్నట్టు ఒక అఫిడవిట్‌లో రాయించండి. లోను మీద కొన్న కారైతే, బాకీ తీరిందని చెప్పే 35వ ఫారం ఫైనాన్స్ కంపెనీ సంతకంతో కూడా కావాలి.

మీ కారుకు అసలు చిక్కు రిజిస్ట్రేషన్ గడువు. కార్ల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే ఇస్తారు. తర్వాత 25వ ఫారం పెట్టి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూసి సరేనంటే ఐదేళ్లకు పొడిగిస్తారు. 2022 ఏప్రిల్‌లో కారుకు ఈ ఫీజును 5,000 చేశారు, ఇప్పుడెంతో ఆర్టీవో ఆఫీసులో అడగండి. ఆలస్యమైన ప్రతి నెలకూ 500 అదనం, హరిత పన్ను వేరే. గడువు తీరిన కారును రోడ్డు మీద నడిపితే రిజిస్ట్రేషన్ లేని కారు నడిపినట్టే చూస్తారు. 192వ సెక్షన్ కింద మొదటిసారి 5,000 దాకా, మళ్లీ దొరికితే 10,000 దాకా జరిమానా. అందుకే ఇన్‌స్పెక్షన్‌కు టోయింగ్ మీద తీసుకెళ్లండి. రెన్యువల్ ముందు, పేరు మార్పు తర్వాత అన్నదే మామూలు వరుస. రెన్యువల్ దరఖాస్తు ఓనరే పెట్టాలి కాబట్టి, ఆయనను వెతకమని నేను అంతగా చెప్పడానికి అది కూడా ఒక కారణం. ఈ లెక్కలన్నీ కలిపి చూసుకోండి. లక్షా 60 వేలలో మీకు మిగిలేది మీరు అనుకున్న 57 వేలు కాదు.

ఇంజన్ సంగతి మీరు మామూలుగా రాశారు గానీ, నన్ను ఎక్కువ కంగారు పెట్టింది అదే. ఇంజన్ మార్చాక 14 రోజుల్లో సి బుక్కుతో సహా రిజిస్టరింగ్ అథారిటీకి తెలియజేయాలని 52వ సెక్షన్ అంటోంది. అలా చేయకపోతే ఇన్‌స్పెక్షన్‌లో ఇంజన్ నంబరు సి బుక్కులోని నంబరుతో సరిపోదు, రెన్యువల్ అక్కడే ఆగుతుంది. అదే మోడల్, అదే సామర్థ్యం ఉన్న ఇంజన్ పెట్టారు కాబట్టి మీరు అదృష్టవంతులు. కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

ఆటోనగర్‌లో ఆ ఇంజన్ ఎవరు అమ్మారు? బిల్లు ఉందా? ఆ ఇంజన్‌కు ఉన్న నంబరు ఒకప్పుడు ఇంకో కారుది. ఆ కారు దొంగతనం కేసులో ఉంటే పోలీసులు మీ ఇంటికే వస్తారు. దొంగ సొత్తు అని తెలిసి, లేదా అనుమానించడానికి కారణం ఉండీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది. మీరు నిజాయితీగా కొన్నారని చూపించేది ఆ బిల్లు ఒక్కటే. ఈ వారమే అదే షాపుకు వెళ్లి, ఇంజన్ నంబరు రాసిన బిల్లు, అది ఏ కారు నుంచి తీశారో ఆ కారు కాగితాల నకలు అడగండి. ఇవ్వనంటే నాకు లేదా మీ ఊళ్లో మంచి వకీలుకు ఆ మాట చెప్పండి, ఆర్టీవో ఆఫీసుకు వెళ్లడానికి ముందే.

తర్వాతి కారు కొనేముందు ఛాసిస్ నంబరు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీయండి. దాన్ని సి బుక్కుతో అక్షరం అక్షరం పోల్చండి. నంబరు చుట్టూ కొత్త వెల్డింగ్, గ్రైండింగ్ గుర్తులు మీ కంటికి దొరికినట్టు నా కంటికి దొరకవు. జాతీయ నేర రికార్డుల బ్యూరో నడిపే వాహన్ సమన్వయ్ పోర్టల్‌లో దొంగతనం రికార్డు ఉందేమో చూసుకోవచ్చు. ముఖ్యంగా మీ ప్రాంతంలో ఇంకో జాగ్రత్త కావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఎన్ని కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయో మీరే చూసి ఉంటారు. ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్ కట్టిన కారు, అంటే బాగుచేయించడం దండగని బండి మొత్తానికి డబ్బిచ్చేసిన కారు, చవగ్గా వస్తుంది. ఇక పనికిరాదని ఓనరు చెప్పి, 55వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ రద్దు చేయించి ఉంటే, మీరు ఎంత బాగా బాగుచేసినా అది మళ్లీ రోడ్డెక్కదు. స్పేర్ పార్టులకే కొన్నట్టు. రద్దు కాలేదని ఆర్టీవో రికార్డులో చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

ఇక వ్యాపారం విషయం. దీని మీద నిజంగా మంచి కబురు ఉంది. మీ బావ అడ్డదారిలో చేయమన్న పనికి 2023 ఏప్రిల్ 1 నుంచి చట్టమే ఒక దారి ఇచ్చింది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 55ఎ నుంచి 55హెచ్ వరకు చేర్చిన రూల్స్ ప్రకారం పాత వాహనాలు కొని అమ్మేవాళ్లు ఆర్టీవో దగ్గర ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అది ఐదేళ్లు చెల్లుతుంది. ఓనరు బండిని మీకు అప్పగించానని 29సి ఫారంలో తెలియజేస్తే, ఆ రోజు నుంచి చట్టం దృష్టిలో మీరే ఓనరు. ప్రతి కారునూ మీ పేరు మీదికి మార్పించనవసరం లేదు. రెన్యువల్‌కు, పేరు మార్పుకు మీరే దరఖాస్తు పెట్టవచ్చు. బండిని రిపేరుకు, పెయింటింగ్‌కు, ఇన్‌స్పెక్షన్‌కు, ట్రయల్‌కు తప్ప తిప్పకూడదు, తిప్పిన ప్రతిసారీ రిజిస్టరులో రాయాలి. ఏడాదికి నాలుగైదు కార్లంటే అది వ్యాపారమే. సొంత వాడకానికి కొన్నానని చెప్పినా నిలబడదు. మీకు అమ్మిన కన్సల్టెన్సీకి ఈ సర్టిఫికెట్ ఉందేమో కూడా అడగండి. ఉండి, 29సి నమోదై ఉంటే మీ పేరు మార్పు పని సగం తేలికవుతుంది.

జీఎస్టీ గురించి మీకిప్పుడే బెంగ వద్దు. పాత కార్ల మీద 18 శాతం పన్ను, అదీ కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీదే. సరుకులు అమ్మేవాళ్లకు టర్నోవర్ ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటితేనే సాధారణంగా రిజిస్ట్రేషన్ అవసరం. దాటిన రోజున మాత్రం ఆ తేడాలోంచి మీరు రిపేరుకు పెట్టిన డబ్బు తీసేయనివ్వరని గుర్తుంచుకోండి. లాభం మీద ఆదాయపు పన్ను లెక్క వేరే.

ఇంకోటి. మీరు తిరిగి అమ్మడానికి కొన్నారు కాబట్టి, కన్సల్టెన్సీ మోసం చేసినా వినియోగదారుల కమిషన్ తలుపు మీకు తెరుచుకోకపోవచ్చు. తిరిగి అమ్మడానికి కొన్నవాళ్లను 2019 చట్టం వినియోగదారులుగా చూడదు. రశీదు, డెలివరీ నోట్ ఇప్పుడే అడిగి తీసుకోండి. మీ హక్కు వాటి మీదే నిలబడాలి.

లక్షా 60 వేలు ఇస్తానన్న ఆయన దగ్గర ఇప్పుడు అడ్వాన్సు తీసుకోకండి. రిజిస్ట్రేషన్ గడువు తీరిన సంగతి, ఇంజన్ మార్చిన సంగతి ఆయనకు చెప్పండి, రెండు నెలలు టైం అడగండి. కాగితాలన్నీ చేతికొచ్చాక డెలివరీ నోట్‌లో తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఇంజన్ మార్చినట్టు అందులో రాయండి. తాళం ఇచ్చిన రోజే అమ్మకం సమాచారం ఆర్టీవోకు ఇచ్చి, ఆ రసీదు మీ దగ్గర దాచుకోండి.